నీళ్ళ మీద సున్నా

మార్చి తొమ్మిదో తేదీ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఒక ట్రాక్టరు ధ్రువసముద్రంలో మునిగింది. లోపల డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. అతని దగ్గరున్న మ్యాపు ప్రకారం అక్కడి మంచు మందం రెండు మీటర్లు. మర్నాడు ఆ గుంత అంచున టేపు పెట్టి కొలిస్తే అర మీటరు వచ్చింది.

మునగడానికి ముందురోజు సాయంత్రం డ్రైవరు రేడియోలో ఒక మాట చెప్పాడు. మంచులోంచి వైరు ఒకటి బయటికి వచ్చి ఉందనీ, అది తమవాళ్ళది కాదనీ, పొద్దున్నే వెళ్ళి చూస్తాననీ.

మూడు వారాల తర్వాత గూఢచారి సంస్థ హెడ్ ఆఫీసులో పెద్దాయన ఈ రెండు సంగతులూ చెప్పి, టేబులు మీదున్న గ్లాసును ఎదురుగా కూర్చున్న ఏజెంటు ముందుకి జరిపాడు.

"ఏం కనిపిస్తోంది?"

"నీళ్ళు. అందులో ఐసు ముక్క."

"ముక్క ఎంత పైకి తేలింది?"

"కొద్దిగా."

"పదో వంతు. మిగతాదంతా నీళ్ళలోనే. శాటిలైటు చూసేది ఆ పదో వంతునే. ఆకాశం నుంచి రాడార్ ఒక పల్స్ కొడుతుంది, మంచుకి తగిలి తిరిగొస్తుంది. మంచు పలకల మధ్య బీటలుంటాయి, వాటిలో నీళ్ళుంటాయి. ఆ నీటికి తగిలి ఇంకో పల్స్ తిరిగొస్తుంది. రెండు ఎత్తులకీ తేడా తీసి పదితో హెచ్చవేస్తారు. అదీ మందం."

"అంటే నీటిమట్టాన్ని ఎవరైనా కాస్త కిందికి దించి రాస్తే..."

"జానెడు కూడా అక్కర్లేదు. మంచు ఒకటిన్నర మీటరు పెరుగుతుంది. మ్యాపులో మాత్రమే." పెద్దాయన గ్లాసులోని ముక్కను వేలితో కిందికి నొక్కి వదిలాడు. అది పైకి లేచింది. "తుపాకీ లేదు. విషం లేదు. ఒక అంకె మార్చారు, మనిషి పోయాడు. పత్రికలో ప్రమాదం అని వచ్చింది."

"ఎవరు సార్?"

"బయటి దేశపు ముఠా. ఫైల్లో వాళ్ళ పేరు 'ఉప్పు'. మంచు మీద ఉప్పు చల్లితే ఏమవుతుందో తెలుసు కదా. ఆ పేరు నేను పెట్టలేదులే, నన్ను చూడకు. మ్యాపు మార్చింది మాత్రం గ్రౌండ్ స్టేషన్‌లో కూర్చున్నవాళ్ళే. నువ్వు అక్కడ కేలిబ్రేషన్ టెక్నీషియన్‌వి. చెముడు ఉన్న టెక్నీషియన్‌వి."

అతని ముందు ఒక హియరింగ్ ఎయిడ్ పెట్టాడు. ముప్పై మీటర్ల దూరంలో గుసగుస కూడా వినిపించే మిషను. పక్కనున్న పిన్ను నొక్కితే హెడ్ ఆఫీసుకి లైను కలుస్తుంది.

"చెవిటివాడి ముందు ఎవరూ నోరు కట్టుకోరు. విను. లోపల మన మనిషి ఒకరున్నారు, డేటా ఎనలిస్టు. నీలం కోటు వేసుకుంటుంది. మ్యాపు దొంగదని మనకి చెప్పింది ఆవిడే. అవసరం లేకుండా దగ్గరికి వెళ్ళకు. అవసరం పడితే మాత్రం ముందు ఆవిడ దగ్గరికే."

"గుర్తు?"

"కాఫీ చల్లగా ఉందంటుంది. పంచదార ఎక్కువైతే తెలీదులెండి అని నువ్వనాలి." పెద్దాయన గ్లాసును పక్కకి జరిపాడు. "నీకు ఒక అక్కయ్యను కూడా ఇస్తున్నాం. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చెయ్యి."

"నాకు అక్కలెవరూ లేరు సార్."

"అందుకే ఇస్తున్నాం."

*

స్టేషన్ బస్సు ఆఖరి స్టాపులో ఉంది. నాలుగంతస్తుల భవనం, పైన తెల్ల డిష్ యాంటెన్నా. దానికి రెండు వీధుల అవతల లాడ్జిలో అతనికి గది దొరికింది. మంచం, బల్ల, గోడకి ఒక కొక్కెం. కిటికీ తెరిస్తే ఎదురుగా పక్క భవనం గోడ.

వారం తిరక్కుండానే అతనికి పేరు పెట్టేశారు. మిషను బాబాయ్. అతన్ని చూడగానే అందరూ గొంతు పెంచేవాళ్ళు. గుడ్ మార్నింగ్ చెప్పడానికే అంత శ్రమైతే, ఆ తర్వాత మాటలు ఎవరు చెప్తారు? రెండు నెలలయ్యేసరికి చెయ్యి ఊపడంతో సరిపెట్టడం మొదలైంది.

అతను మాత్రం అందర్నీ వినేవాడు. ఎవరి భార్య అలిగి వెళ్ళిపోయిందో, ఎవరి కొడుకు ఇంట్లో నోరు విప్పడం లేదో, ఎవరు ఎవరి కుర్చీ మీద కన్నేశారో, గోడల అవతలి నుంచి అన్నీ చెవిలో పడేవి. ఉప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఒకసారి మాట్లాడారు గానీ అది క్యాంటీన్ సూపు గురించి.

అతని వేషానికి ఒక ఉద్యోగం ఉంది. ఆ ఉద్యోగానికి ఒకటే పని. శాటిలైటు ధ్రువం మీదుగా వెళ్ళిన ప్రతిసారీ, అంటే ప్రతి పాస్‌కీ, మంచు కంటే ముందు నీళ్ళు చూడాలి. మంచు లేని సముద్రం మీద మంచు మందం సున్నా రావాలి. రాడార్‌లో గానీ లెక్కలో గానీ తేడా వస్తే మొదట బయటపడేది అక్కడే. అందరూ చూసే మ్యాపులో ఆ సముద్రానికి ప్రోగ్రామే నీలం రంగు వేసేస్తుంది. రంగు కింద ఉన్న అంకె ఎవరికీ కనపడదు. అది ఉండేది అతని స్క్రీన్ మీదే. చూసి, కాస్త అటూ ఇటూగా సున్నా ఉంటే సరే అని సంతకం పెట్టాలి.

అతనికంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఏప్రిల్‌లో రిటైరయ్యాడు. సొరుగులో ఆయన షీట్లు దొరికాయి. జూన్ నెలాఖరు దాకా ముందుగానే సంతకాలు పెట్టేసి ఉన్నాయి.

మొదటి వారం అతను వేషం కోసం నీళ్ళు చూశాడు. తర్వాత వేరే పని లేక చూశాడు. చలికాలం మొదలయ్యేసరికి, రోజు మొత్తంలో తను చేసేవాటిలో అబద్ధం కానిది అదొక్కటే అని అతనికి తెలిసొచ్చింది. అప్పట్నుంచి ఒక్కో పాస్‌నీ రెండుసార్లు చూడటం మొదలుపెట్టాడు.

ఆదివారం ఆరింటికి లాడ్జి కౌంటర్ దగ్గర ఫోన్. లాడ్జి యజమానురాలు పత్రిక అడ్డం పెట్టుకుని వినేది. అడ్డం పెట్టుకోకపోయినా వినపడేది. చెవిటివాడు మామూలు గొంతుతో మాట్లాడితే ఎలా?

"అక్కయ్యా! నేనే!"

"తెలుస్తోందిలే. వీధి చివరివాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది. మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"నొప్పి లేదు!"

మోకాళ్ళంటే అనుమానాలు. నొప్పి లేదంటే కొత్త సమాచారం లేదు. కాలు వాచిందంటే మ్యాపు మళ్ళీ మార్చారు. డాక్టరంటే నీలం కోటు. ఇవన్నీ అతనికి నోటికొచ్చు.

నవంబరులో ఒక ఆదివారం ఆవిడ ఫోన్ పెట్టేసే ముందు అడిగింది. "స్వెట్టరు వేసుకుంటున్నావా?"

అతను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. కోడ్‌లో మందులున్నాయి, పాలవాడున్నాడు, పెద్దబ్బాయి ఉన్నాడు. స్వెట్టరు లేదు.

"ఆఁ, వేసుకుంటున్నా!" అన్నాడు.

మర్నాడు వెళ్ళి స్వెట్టరు కొన్నాడు.

ఆ తర్వాత నుంచి కోడ్‌లో లేని మాట ప్రతి వారం ఒకటి వచ్చేది. ఆవిడ కిటికీ అంచున పావురం గూడు పెట్టిందట. ఆవిడకి చీకటి పడ్డాక కాఫీ తాగితే నిద్ర పట్టదట. ఒకసారి ఆవిడ జోకు చెప్పింది. అతను ఏమీ అనలేదు.

"నవ్వాలి అక్కడ. నీకు నవ్వడం ఎవరూ నేర్పలేదా తమ్ముడూ?"

"నేర్పలేదు!" అని అరిచాడు. కౌంటర్ వెనక యజమానురాలు నవ్వింది.

ఫోన్ పెట్టేశాక ఆమె అతని చెవి దగ్గరికి వచ్చి అరిచింది. "మీ అక్కయ్య ఒక్కసారైనా రాదేం? మీ పోలికేనా?"

"నాకంటే కాస్త పొడుగు!" అన్నాడు.

మెట్లెక్కుతూ, ఆ మాట ఎందుకన్నాడో ఆలోచించుకున్నాడు. ఆవిడ పొట్టో పొడుగో అతనికి తెలీదు. ఎక్కడుంటుందో, వయసెంతో తెలీదు. గదిలోకి వెళ్ళి లైటు వేశాడు.

*

ఇక నీలం కోటు. ఆమె మూడో అంతస్తులో కూర్చునేది. కోటు, తోలు గ్లవ్స్, మడమ ఎత్తు బూట్లు. లిఫ్ట్ దిగి వెళ్ళిపోయిన తర్వాత కూడా ఆమె సెంటు లిఫ్ట్‌లోనే ఉండేది. కుర్రాళ్ళు మూడో అంతస్తులో పని లేకపోయినా అక్కడే దిగేవాళ్ళు.

మే నెలలో ఒకరోజు కాఫీ మిషను దగ్గర ఆమె కప్పు పట్టుకుని అంది. "చల్లగా ఉంది."

"పంచదార ఎక్కువైతే తెలీదులెండి."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. అంతే. కానీ ఆరోజు నుంచి లిఫ్ట్‌లో ఇద్దరే ఉన్నప్పుడు ఆమె మామూలు గొంతుతో మాట్లాడేది. అతనికి వినపడుతుందని తెలిసిన మనిషి ఆ భవనం మొత్తంలో ఆమె ఒక్కతే.

"చలి పెరిగింది."

"అవునండీ."

"బస్సు దొరికిందా?"

"దొరికింది."

అతనికి మెట్లెక్కడమే ఇష్టం. ఆ రెండు ముక్కల కోసం లిఫ్ట్ ఎక్కేవాడు.

*

ఫిబ్రవరి మూడో ఆదివారం అక్కయ్య పావురం గురించి చెప్పలేదు.

"పెద్దబ్బాయి శనివారం ఊరికి వెళ్తున్నాడు. మాస్టార్ని తీసుకురావడానికి."

పెద్దబ్బాయి అంటే విమానం. మాస్టారంటే మంచు మీది క్యాంపులో రంధ్రాలు తొలిచి మందం కొలిచే పెద్దమనిషి, డ్రిల్లింగ్ మాస్టారు. మిగతా వివరాలు ఆ సాయంత్రం చెవిలోని మిషనులో పెద్దాయన చెప్పాడు. ట్రాక్టరు డ్రైవరు చూసిన వైరు లాంటిదే ఇంకోటి మాస్టారికి కనపడింది. లాగితే కింద ఒక ఇనప్పెట్టె ఉంది. మంచు కింద వెళ్ళే సబ్‌మెరీన్ల చప్పుడు వినే పెట్టె. ఉప్పు ఎవరితో, ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుందో అంతా అందులోనే రికార్డయి ఉంది.

"మాస్టారూ పెట్టే కలిసి మునిగిపోతే వాళ్ళకి పండగే," అన్నాడు పెద్దాయన. "క్యాంపు చుట్టూ మంచు గుట్టలే, విమానం దిగదు. నలభై కిలోమీటర్ల అవతల చదునుగా ఒక చోటుంది. మాస్టారు స్లెడ్జి మీద అక్కడికి వస్తాడు. అక్కడి మందం మ్యాపులో చూసుకునే దించాలి. విమానంలో నలుగురుంటారు. కళ్ళు తెరుచుకుని ఉండు."

శనివారం విమానం పొద్దున్నే బయల్దేరింది. కొత్త పాస్ మధ్యాహ్నానికి స్టేషన్‌కి చేరింది. రెండింటికి మ్యాపు తయారైంది. విమానం దిగే చోట మందం ఒకటీ పాయింట్ తొమ్మిది మీటర్లు. మీటరుంటే చాలు, దిగొచ్చు.

మూడింటికి అతను నీళ్ళు చూశాడు.

మంచు లేని సముద్రం మీద మంచు మందం ఒకటీ పాయింట్ నాలుగు మీటర్లు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ముందు పాస్ తీశాడు, సున్నా. దానికి ముందుది, సున్నా. ఇదొక్కటే తేడా. ఒక్కచోట నీటిమట్టం దించితే మ్యాపులో మెట్టులా కనపడుతుంది. అందుకని పాస్ మొత్తానికీ దించారు. మొత్తానికీ దించితే మంచు లేని సముద్రానికి కూడా మందం వచ్చేసింది. పైన ప్రోగ్రాం నీలం రంగు వేసింది కాబట్టి కనపడలేదు. ఆ నీళ్ళలో ఆ గంటకి చేపల పడవలు తిరుగుతున్నాయి.

ఒకటీ పాయింట్ తొమ్మిదిలోంచి ఒకటీ పాయింట్ నాలుగు తీసేశాడు. అర మీటరు.

మిషను పిన్ను నొక్కాడు, లైను ఖాళీగా లేదు. కారిడార్‌లో ఉన్న ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. ఎకౌంట్స్ వాళ్ళిద్దరు అక్కడే గోడకానుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు.

"అక్కయ్యా! కాలు వాచింది!"

"ఎప్పట్నుంచి?"

"ఇప్పుడే చూశా! బాగా వాచింది! పెద్దబ్బాయిని ఆగమను!"

"ఆగడు. ధ్రువం మీద సౌర తుఫాను. పొద్దుట్నుంచి రేడియో పలకడం లేదు. నాలుగున్నరకి చేరతాడు."

ఎకౌంట్స్‌లో ఒకడు అతని భుజం తట్టి అరిచాడు. "బాబాయ్! కాలు వాస్తే నడక తగ్గించాలి! నువ్వేమో గొంతు పెంచుతున్నావ్!"

రెండోవాడు నవ్వాడు. అతనూ నవ్వినట్టు మొహం పెట్టాడు. ఫోన్ అవతల ఎవరితోనో మాట్లాడిన చప్పుడు. తర్వాత అక్కయ్య గొంతు, కాగితం చూసి చదివినట్టు.

"డాక్టరుకి చూపించు."

"సరే!"

అతను ఫోన్ పెట్టబోయాడు.

"తమ్ముడూ." ఆవిడ అరవలేదు. ఇన్ని నెలల్లో ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదలు. "డాక్టరు దగ్గరికి వెళ్ళకు."

అతను ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. ఎకౌంట్స్ వాళ్ళు అక్కడే ఉన్నారు.

"ఆ అమ్మాయికి ఫోన్‌లో అత్తయ్యను కూడా నేనే. పోయిన వారం గురువారం నన్నడిగింది, వచ్చే శనివారం వాన పడుతుందా అత్తయ్యా అని. పెద్దబ్బాయి శనివారం వెళ్తాడని అప్పటికి నాకే తెలీదు. నాకు చెప్పింది ఆదివారం పొద్దున. దానికెలా తెలుసు? పైవాళ్ళకి రాసిచ్చాను, చదవలేదు. నీ మాట ఇంకొకళ్ళకీ, వాళ్ళ మాట నీకూ నేను చెప్పకూడదు. చెప్పాను. పెట్టేస్తున్నా."

లైను ఇంకా ఉంది.

"స్వెట్టరు వేసుకున్నావా?"

"వేసుకున్నా!" అని అరిచాడు.

*

అతని స్క్రీన్ కింది మూల రిజెక్ట్ అని ఒక బటన్ ఉంది. కేలిబ్రేషన్ తప్పితే ఆ పాస్‌ను వెనక్కి తీసుకునే బటన్. స్టేషన్ పెట్టిన దగ్గర్నుంచి ఎవరూ నొక్కలేదు. నొక్కితే ఆ పాస్ పోయి, మ్యాపులో ఆ మేరకు బూడిదరంగు వస్తుంది. రేడియో పలకకపోయినా మ్యాపు శాటిలైటు మీదుగా విమానానికి చేరుతుంది. పైలట్లకి ఒక రూలుంది. బూడిదరంగు మీద దిగకూడదు.

నొక్కాడు. ఖాయమేనా అని అడిగింది. ఖాయమే అన్నాడు. స్క్రీన్ మీద రెండు వాక్యాలు వచ్చాయి.

తర్వాతి అప్‌లోడ్ నాలుగు గంటలకు. అంతవరకు ఎనలిస్టు ఈ రిజెక్షన్‌ను రద్దు చేయవచ్చు.

మూడూ ఇరవై. ఆమె స్క్రీన్ మీద కూడా ఇప్పుడు ఎర్ర అక్షరాలు వెలుగుతూ ఉంటాయి. ఆమె మాత్రం ఆ సమయంలో క్యాంటీన్‌లో ఉంటుంది. రోజూ ఉంటుంది. రెండు మెట్ల వరసలు ఒక్క ఊపున దిగాడు.

ఆమె గోడవారగా ఉన్న బల్ల దగ్గర కూర్చుని ఉంది. నీలం కోటు కుర్చీ వీపుకి వేలాడుతోంది.

"కాలు వాచింది," అన్నాడు. "డాక్టరుకి చూపించమన్నారు."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత ఎదుటి కుర్చీని కాలితో వెనక్కి నెట్టింది.

"చూద్దాం. ముందు కూర్చోండి. మీరు ఒగరుస్తున్నారు. కాఫీ?"

"తాగుతాను."

ఆమె లేచి వెళ్ళి కాఫీ తెచ్చింది. నెమ్మదిగా తెచ్చింది. పంచదార వేసి, చాలాసేపు కలిపింది. అతనికి విషయం తెలుస్తూనే ఉంది. నాలుగున్నర దాకా తనని ఇక్కడ కూర్చోబెట్టాలని ఆమె చూస్తోంది. నాలుగింటి దాకా ఆమెని కూర్చోబెట్టాలని అతను చూస్తున్నాడు. ఇద్దరికీ తొందర లేదు.

"ఎక్కడ వాచింది?" అంది.

"ఎక్కడో ఒకచోట. మ్యాపు అంతా వెతకాలి."

"వెతుకుదాం. నిదానంగా. కంగారు పడితే తప్పులొస్తాయి." కప్పు అతని ముందు పెట్టింది. "స్వెట్టరు బాగుంది. ఎవరు కొన్నారు?"

"అక్కయ్య."

ఆమె నవ్వింది. "నాకు అత్తయ్యను ఇచ్చారు. వారానికోసారి వాన గురించి అడుగుతుంది. గొంతు బాగుంటుంది. చూశారా, మనకి చుట్టాలు కూడా ఆఫీసు వాళ్ళే." చెంచా తీసి పళ్ళెంలో పెట్టింది. "వాళ్ళు నిజంగా ఉంటే బాగుండని ఎప్పుడైనా అనిపించిందా?"

"లేదు."

"నాకు అనిపించింది."

ఆ మాట నిజమే అయి ఉంటుందని అతనికి తోచింది. ఆమె అతని గది గురించి అడిగింది. కిటికీలోంచి గోడ కనిపిస్తుందని చెప్పాడు. ఏ రంగు గోడ అని అడిగింది. చెప్పాడు. తన ఇంట్లో రెండు కుర్చీలున్నాయనీ, రెండోదాని మీద బట్టలు వేసుకుంటాననీ ఆమె చెప్పింది. చిన్నప్పుడు ఈత నేర్చుకోబోయి మునిగిన సంగతి చెప్పింది. అతను ఒక సంగతి చెప్పాడు, ఎవరికీ చెప్పనిది, సైకిల్ తొక్కడం రాదని. ఆమె పడీపడీ నవ్వింది. ఆ స్టేషన్‌కి వచ్చాక అతను ఇంతసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

గోడ గడియారం నాలుగుకి అయిదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె బ్యాగు అందుకుంది.

"ఒక్క నిమిషం. పైకి వెళ్ళి ఆ మ్యాపు తెస్తాను. మీరు కదలకండి."

అతను చెవిలోంచి మిషను తీసి బల్ల మీద పెట్టాడు.

లేవబోయిన ఆమె ఆగింది. గూఢచారి తన మిషను తీసి పక్కన పెట్టాడంటే, పైవాళ్ళు వినకూడనిది ఏదో చెప్పబోతున్నాడని అర్థం. అలాంటి మాటకి బజారులో గిరాకీ ఉంటుంది. ఆమె మళ్ళీ కూర్చుంది. బ్యాగులోంచి పౌడర్ డబ్బా తీసి మూత తెరిచింది. బల్ల మీది మిషను కీచుమని మూగబోయింది.

"ఇక ఎవరికీ వినపడదు. చెప్పండి."

"నేను రోజూ నీళ్ళు చూస్తాను," అన్నాడు.

"ఏ నీళ్ళు?"

"మంచు లేని సముద్రం. నా ఉద్యోగం అదే కదండీ. అక్కడ సున్నా రావాలి. రోజూ చూసి సంతకం పెడతాను."

ఆమె కళ్ళు చిట్లించింది. "ఆ పని మీరు నిజంగానే చేస్తారా?"

"రోజూ."

"అది వేషం కదా!" ఆమె గొంతు మొదటిసారి పెరిగింది. "మీరు ఏజెంటు. ఆ షీట్లు ఎవరూ చదవరు. ముందున్న అసలు ఉద్యోగే చూసేవాడు కాదు. మీరెందుకు చూస్తారు?"

"వేరే పని లేదండీ."

ఆమె పౌడర్ డబ్బా మూసింది.

"ఈరోజు సున్నా రాలేదు," అన్నాడు. "ఒకటీ పాయింట్ నాలుగు. నా స్క్రీన్ మీద ఒక బటన్ ఉంది."

ఆమెకు ఆ బటన్ తెలుసు. గడియారం చూసింది. మరుక్షణం కుర్చీ వెనక్కి పడింది. లిఫ్ట్ నాలుగో అంతస్తులో ఉంది. ఆమె మెట్ల వైపు పరిగెత్తింది. అతను వెనకే వెళ్ళాడు. రెండో అంతస్తులో ఆమె బూటు మడమ విరిగింది. బూట్లు రెండూ వదిలేసి ఎక్కింది. మూడో అంతస్తు కారిడార్‌లో ఇద్దరు గుమాస్తాలు గోడకి అతుక్కుపోయి దారిచ్చారు.

"ఆపండి ఆవిణ్ణి!" అని అతను మామూలు గొంతుతో అన్నాడు. మిషను బాబాయ్ గొంతు మామూలుగా ఉండటం చూసి వాళ్ళు అతన్నే చూస్తూ నిలబడ్డారు.

ఆమె తన స్క్రీన్ ముందుకి వెళ్ళి కీబోర్డు మీద చెయ్యి వేసింది. ఏ కీ నొక్కకముందే ఎర్ర అక్షరాలు ఆరిపోయాయి. వాటి చోట నల్లగా ఒక వాక్యం వచ్చింది. అప్‌లోడ్ పూర్తయింది.

ఆమె కుర్చీలో కూర్చుని ఊపిరి తీసుకుంది. అతను ఆమె బల్ల మీది ఫోన్ తీసి సెక్యూరిటీ వాళ్ళని పిలిచాడు. వాళ్ళు వచ్చాక అతను కిందికి వెళ్ళి నీలం కోటు తెచ్చి ఇచ్చాడు. బయట చలిగా ఉంది.

"ఎందుకు చేశారు?" అని అప్పుడడిగాడు.

"మీరెందుకు చూశారో, అందుకే," అంది ఆమె. కోటు వేసుకుని గుండీలు పెట్టుకుంది.

*

రిలే శాటిలైటు ధ్రువం మీదికి వచ్చి ఆ మ్యాపును కాక్‌పిట్‌కి దించేసరికి నాలుగూ ఇరవై ఎనిమిది అయింది. విమానం మంచుకి అరవై మీటర్ల ఎత్తులో ఉంది. దిగే చోటు స్క్రీన్ మీద బూడిదరంగులోకి మారింది. పైలట్ ఒక బూతు మాట అని విమానాన్ని పైకి లేపాడు. ఆ మాట రికార్డులో ఉంది.

డ్రిల్లింగ్ మాస్టారు స్లెడ్జి మీద ఆ చోటికి చేరేసరికి సాయంత్రమైంది. విమానం లేదు. ఖాళీగా ఎందుకుండాలని రంధ్రం తొలిచి కొలిచాడు. నలభై ఆరు సెంటీమీటర్లు. స్లెడ్జిని జాగ్రత్తగా వెనక్కి తిప్పాడు. రెండు రోజుల తర్వాత ఉత్తరాన పాత మంచు మీద విమానం దిగి, మాస్టార్నీ పెట్టెనీ తీసుకొచ్చింది. పెట్టెలో దొరికిన ఫ్రీక్వెన్సీలతో ఉప్పు మనుషుల్ని ఆ నెలలోనే పట్టుకున్నారు.

పెద్దాయన అతన్ని పిలిపించాడు. టేబులు మీద ఈసారి గ్లాసు లేదు.

"ఆవిణ్ణి ఎలా అనుమానించావు?"

"సున్నా రాలేదు సార్."

"సున్నా రాకపోతే మ్యాపు దొంగదని తెలుస్తుంది. దొంగ ఎవరో తెలీదు."

అతను స్వెట్టరు చేతి అంచు సర్దుకున్నాడు.

"ఆ ఫోన్ రికార్డయింది అబ్బాయ్."

"అక్కయ్య చెప్పకపోతే విమానం..."

"తెలుసు. అందుకే పతకం ఇవ్వమని రాశాను. రూలు తప్పింది కాబట్టి ఉద్యోగంలోంచి తీసెయ్యమని కూడా రాశాను. రెండూ ఒకే కాగితం మీద." పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "ఆవిడ రాసిచ్చింది చదవనివాడిని నేనే. దానికి పతకం ఏమీ లేదు."

"ఆవిడ పేరేంటి సార్?"

"నీకెందుకు?"

"ఊరికే."

"నాకూ తెలీదు. ఆ సెక్షన్‌లో పేర్లుండవు." పెద్దాయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇంకో చలికాలం నువ్వక్కడే ఉండు. ఉప్పు మనిషి ఇంకొకడు ఉన్నాడేమో చూడాలి. నీ చెముడు తగ్గిందని వాళ్ళు అనుకుంటున్నారట, మళ్ళీ తెప్పించుకో. కొత్త అక్కయ్యను ఇస్తాం."

"వద్దు సార్. అన్నయ్యను ఇవ్వండి."

ఆదివారం సాయంత్రం ఆరింటికి అతను లాడ్జి కౌంటర్ దగ్గర పాత నంబరు తిప్పాడు. ఆ నంబరు ప్రస్తుతం వాడుకలో లేదని రికార్డు చేసిన గొంతు చెప్పింది. చివరిదాకా విన్నాడు.

"అక్కయ్య ఇంట్లో లేదా?" అని యజమానురాలు అరిచింది.

"లేదు," అన్నాడు. అరవడం మర్చిపోయాడు.

సోమవారం ఉదయం మొదటి పాస్‌లో, మంచు లేని సముద్రం మీద మంచు మందం సున్నా.